మిత్రా గారి ముక్కు

జూలై 6, ఆదివారం

దిగిపోయాం. సామాను సగం హాల్లో, సగం మెట్ల మీద ఉంది. తొలి ఏకాదశి కదా అని ముందు పాలు పొంగించాను. గిన్నెలోంచి పొయ్యి మీదకి, పొయ్యి మీంచి గట్టు మీదకి, అక్కణ్ణించి నా చీర కుచ్చిళ్ళ మీదకి పొంగాయి. ఇంతకన్నా శుభం ఏం కావాలి?

కలకత్తా భవానీపూర్‌లో ఇల్లంటే మాటలా! నున్నటి ఎర్ర నేల, ఆకుపచ్చ కిటికీ రెక్కలు, వీధి మీదకి బాల్కనీ. మెట్రోకి నడిచి వెళ్ళిపోవచ్చు. కింద ఇంటివాళ్ళు, పైన మేము. ఇది కుదరకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. కంపెనీ ధనుంజయ్‌కి గార్డెన్ రీచ్‌లో ఇచ్చింది నలుగురు మగాళ్ళు పడుకునే గది. ఆయన అందులోకి, నేను కాకినాడ రైల్లోకి. పెళ్ళయినప్పటి నుంచీ ఈయన ఓడల రిపేర్లంటూ ఊళ్ళు తిరగడం, నేను స్కూల్లో లెక్కలు చెప్పుకుంటూ అమ్మా వాళ్ళింట్లో పడి ఉండడం. ఉద్యోగం మానేసి మరీ వచ్చాను. మళ్ళీ ఆ మంచం, ఆ ఫ్యాను, "అల్లుడుగారు ఎప్పుడొస్తారే" అనే ఆ పక్కింటావిడ! చచ్చినా వెళ్ళను.

ఇంటాయన పేరు అనాదినాథ్ మిత్రా. ఎనభైకి దగ్గర్లో ఉంటాడు. మనిషి సన్నం, ముక్కు మాత్రం లావు. నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు.

"మీ వైపు చేపలు తింటారా?"

"తింటామండి."

"ఎండువి?"

ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఆయన మొహం చూడాలి. చెప్పు కింద ఏదో తొక్కినవాడి మొహం.

"ఛఛ, మేమా!" అన్నాను. ధనుంజయ్ పైకప్పు దూలాలు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాడు.

"మంచిది. నా ముక్కు సంగతి ఈ వీధిలో ఎవర్నయినా అడగండి. ఎండుచేప వాసన వచ్చిన రోజు మీ సామాను వీధిలో ఉంటుంది. దుర్గాపూజల దాకా చూస్తాను. నచ్చితే అప్పుడు అగ్రిమెంటు."

అయినా ఎండుచేప లేకపోతే చచ్చిపోతామా ఏంటి! నాకసలు అంత ఇష్టం కూడా కాదు.

జూలై 7

ఇక్కడ కూరలు కొనడానికి మెట్లు దిగక్కర్లేదు. బాల్కనీలోంచి తాడు కట్టిన బుట్ట వదలడమే. కింద బండివాడు కూరలేస్తాడు, మనం పైకి లాక్కోవడమే. మహారాణీ భోగం అనుకుని వదిలాను. బుట్ట తిన్నగా వెళ్ళి దారిన పోయే పెద్దమనిషి గొడుగు మీద కూర్చుంది. ఆయన ఆగలేదు. గొడుగూ, బుట్టా, తాడూ, తాడు చివర నేనూ నాలుగడుగులు ప్రయాణం చేశాం. వీధంతా బాల్కనీల్లోకి వచ్చి నాకు బెంగాలీలో సలహాలిచ్చింది. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఆయనే ఎదురింటి చక్రవర్తి గారట. లాయరు. మొదటి పరిచయం ఇలా ఏడ్చింది.

మిత్రా గారు మాత్రం మా బాల్కనీ కింద అరుగు మీద పేపరు పట్టుకుని కూర్చుని, నవ్వకుండా అన్నీ చూశాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన మకాం అక్కడే.

జూలై 9

మునక్కాడ పులుసు దించి పది నిమిషాలు కాలేదు, కిందనుంచి అరుపు. "ఇవాళ మునక్కాడ!"

ముక్కా అది? రాడారా?

జూలై 11

నిన్న వంకాయన్నాడు, కరెక్టే. ఇవాళ దోసకాయన్నాడు. అదీ కరెక్టే. పప్పులో వేసి, మూత పెట్టి, కిటికీ కూడా వేశాను. ఎలా కనిపెడుతున్నాడో!

వీధివాళ్ళు ఆయన్ని ముక్కుబాబు అంటారట. ఒకప్పుడు నాలుగిళ్ళ అవతల గ్యాసు లీకైతే ఇక్కణ్ణించే కనిపెట్టాడట. ఎవరింట్లో పెళ్ళయినా చేపలు కొనేముందు ఈయన్ని బజారుకి తీసుకెళ్ళి వాసన చూపించేవాళ్ళట. మోకాళ్ళ నొప్పులొచ్చాక బజారుకి వెళ్ళడం మానేశాడట.

ఎండు నెత్తళ్ళు గుర్తొచ్చాయి. ఊరికే.

జూలై 13, ఆదివారం

ఇద్దరం ఊరు మీద పడ్డాం. ట్రామెక్కాం. ఎక్కి కూర్చున్నాక, పక్కన నడిచేవాళ్ళు మమ్మల్ని దాటి వెళ్ళిపోవడం చూశాం. ధనుంజయ్ దిగి టీ తాగి మళ్ళీ ఎక్కుతానన్నాడు. ఫుచ్కా తిన్నాం. మన పానీపూరీయే కదా అన్నాను బండివాడితో, నోరూరుకోక. వాడు నా కళ్ళలోకి చూసి, తరవాతది పచ్చిమిరపకాయ దట్టించి ఇచ్చాడు. కాకినాడ పిల్లనిరా నేను! నవ్వుతూ నమిలి ఇంకోటి పెట్టమన్నాను. వాడు దండం పెట్టాడు.

మధ్యాహ్నం ఏ కొట్టు దగ్గరికెళ్ళినా షట్టరు సగం దించి నిద్రపోతున్నారు. ఈ అలవాటు నాకు నచ్చింది. కుండలో మీగడ పెరుగు నచ్చింది. మట్టికప్పులో టీ నచ్చింది. "అరుగుతోందా" అని ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా అడగడం నచ్చింది. ఊళ్ళో అందరికీ అజీర్ణమే, అందరి జేబులోనూ మాత్రలే. అయినా ఎవరూ తినడం మానరు.

ఒక్కటే లోటు. పప్పుచారు చేసుకున్న రోజు పక్కన ఏదో ఉండాలనిపిస్తుంది. ఏదో అంటే ఏదో. అప్పడమైనా సరే.

జూలై 16

ఇంటావిడ మేడ మీదకొచ్చింది. మాషీమా అంటే పిన్నిగారూ అన్నట్టట, అలాగే పిలుస్తున్నాను. నన్ను బౌమా అంటోంది, కోడలా అని. మాషీమా హిందీ నా హిందీ కన్నా ఘోరం. అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది.

గిన్నెలో పాయసం తెచ్చింది. కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. చివరికి బయటపడింది. ముసలాయన తినడం లేదట. నాలుగేళ్ళుగా కంచంలో సగం వదిలేస్తున్నాడట. ఉప్పు తక్కువంటాడట. పంట్లాం నడుం మీద నిలవడం లేదట. డాక్టరు కడుపులోకి గొట్టం దింపి చూసి, ఏమీ లేదు పొమ్మన్నాడట.

"నా చేతిలో రుచి పోయింది బౌమా. ఇంకేముంది?" అని కొంగుతో కళ్ళొత్తుకుంది.

నాకు ప్రాణం ఉసూరుమంది. కాస్త కారం తగిలించి చూడమన్నాను. ఈ ఇంట్లో కారమా అని చెంపలేసుకుంది. వాళ్ళ పప్పులో పంచదార ఉంటుంది. కూరలో పంచదార ఉంటుంది. ఆవిడ మాటల్లో కూడా ఉంటుంది. కారం మాత్రం బొట్టు పెట్టి పిలిచినా రాదు.

జూలై 20, ఆదివారం

గార్డెన్ రీచ్ వెళ్ళాం. ధనుంజయ్ దగ్గర వెల్డింగు చేసే గురువులు వాళ్ళింటికి భోజనానికి పిలిచాడు. శ్రీకాకుళం వాళ్ళు, తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్నారు. సందులోకి తిరగ్గానే నాకు కాళ్ళు ఆగిపోయాయి. దండెం మీద బట్టల్లేవు. ఉప్పుచేపలు వేలాడుతున్నాయి.

గురువులు వాళ్ళమ్మ జగ్గమ్మ నా మొహం చూసి నవ్వింది. "ఏటమ్మా, అలా సూస్తున్నావు? బవానీపూర్లో దొరకవేటి?"

ఇంటాయన షరతు చెప్పాను.

"ఓలమ్మ! ఉప్పుసేప నేకుండా మరెలాగ బతుకుతున్నావే? మా పెద్దోడు పలాసలో రైలెక్కినప్పుడు బట్టల సంచీ మరిసిపోతాడు గానీ సేపల సంచీ మరిసిపోడు. ఇదిగో, నెత్తళ్ళు. ఇవి ఉప్పుసేప ముక్కలు. పట్టుకెల్లు. ముసలోడికేటి తెలుస్తాది?"

"వద్దమ్మా, వద్దు," అన్నాను. అంటూనే చెయ్యి చాపాను. ఆ చెయ్యి నాదేనా?

తిరుగు ప్రయాణం బస్సులో. నాలుగు కవర్లు చుట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టాను. మొదట పక్కనున్నావిడ జేబురుమాలు తీసింది. తరవాత వెనకాయన వానలో కిటికీ తెరిచాడు. రెండు స్టాపులు దాటేసరికి మా చుట్టూ ఖాళీ. కలకత్తా బస్సులో కాళ్ళు చాపుకుని కూర్చోవడం నాకిదే మొదటిసారి. ధనుంజయ్ నాకు తెలియనివాడిలా ముందుకెళ్ళి నిలబడ్డాడు.

ఇంటి దగ్గర అరుగు మీద ముక్కుబాబు! బ్యాగు చంకలో ఇరికించుకున్నాను. ఆయన గట్టిగా గాలి పీల్చాడు.

"ఆలూచాప్! వేడిగా ఉన్నట్టున్నాయే!"

ధనుంజయ్ చేతిలో బంగాళాదుంప బజ్జీల నూనె కాగితం పొట్లం ఉంది. ఆలూచాప్‌లే. ఉప్పుచేప వాసన నా పక్కనుంచి పొంగుతూ ఉంటే ఆలూచాప్ వాసన పట్టాడంటే, వాటికి కొబ్బరికాయ కొట్టాలి. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేశాను.

జూలై 21

స్టీలు డబ్బాలో పెట్టి, డబ్బాని గుడ్డలో చుట్టి, గుడ్డని సూట్‌కేసులో పెట్టి, సూట్‌కేసుని మంచం కిందకి తోశాను. వండను. ఊరికే ఉంచుకున్నాను. ఇంట్లో ఉంటే ఒక ధైర్యం, అంతే.

జూలై 23

ఇంకా వండలేదు.

జూలై 26

శ్రావణమాసం వచ్చేసింది. మా ఇంట్లో శుక్ర, శనివారాలు నీచు ముట్టం. మంగళవారానికి అభ్యంతరం ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. అమ్మని అడగలేదు. అడిగితే చెబుతుంది.

మంగళవారాలు ముసలాయన చందన్‌నగర్‌లో వాళ్ళక్క దగ్గరికి వెళ్తాడట. పొద్దున్న కాసేపు అరుగు మీద కూర్చుని బయల్దేరి, హౌరాలో లోకల్ పట్టుకుని, చీకటి పడ్డాక వస్తాడట. ఊరికే తెలిసింది.

జూలై 29, మంగళవారం

ఇవాళ జరిగింది మొదటినుంచీ రాస్తాను.

పొద్దున్న బుట్టలో బెండకాయలు లాక్కున్నాను. ముసలాయన గొడుగు పట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపులూ కిటికీలూ మూశాను, గుమ్మం కింద తడి తువ్వాలు దోపాను, హాల్లో నాలుగు అగరొత్తులు వెలిగించాను. నెత్తళ్ళు బాణలిలో వేశాను. ఆ వాసన పైకి లేచేసరికి నాకు ఏడుపొచ్చింది. ఇష్టం లేదన్నది నేనేనా? సిగ్గులేకపోతే సరి.

పప్పుచారు కాగుతోంది. నెత్తళ్ళు కరకరలాడుతున్నాయి. తలుపు మీద దబదబా బాదుడు.

మాషీమా! తోసుకుని లోపలికొచ్చింది. గడప దగ్గర తువ్వాలు చూసింది, అగరొత్తులు చూసింది, నన్ను చూసింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. అయిపోయింది, ఇల్లు పోయింది, కాకినాడ స్టేషన్లో పక్కింటావిడ కనిపిస్తోంది నాకు.

"శుట్కి," అంది మాషీమా.

"మాషీమా, తప్పయిపోయింది, ఇంకెప్పుడూ..."

"మాట్లాడకు. కంచం తే."

వంటింటి నేల మీదే బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆ మోకాళ్ళతో! అన్నంలో పప్పుచారు పోసుకుని నెత్తళ్ళు నంజుకుని తింది. కళ్ళంట నీళ్ళు, ముక్కంట నీళ్ళు. కారమా, ఏడుపా అంటే రెండూనట. మూడుసార్లు వడ్డించాను.

తిన్నాక చెప్పింది. వాళ్ళ అమ్మానాన్నలు చిట్టగాంగ్ వాళ్ళట, దేశం రెండు ముక్కలైనప్పుడు వచ్చి జాదవ్‌పూర్ కాలనీలో గుడిసె వేసుకున్నారట. వాళ్ళకి శుట్కి, అదే ఎండుచేప, లేకపోతే ముద్ద దిగదట. ఈ ఇంటివాళ్ళేమో ఇక్కడి పాత కాపులు, వాళ్ళకి శుట్కి అంటే శవం వాసనట. పెళ్ళయి గుమ్మంలో అడుగు పెట్టినప్పుడే అత్తగారు చెప్పేసిందట, ఈ గడపలోకి శుట్కి రాదని. యాభై ఏళ్ళయిందట. మేనల్లుడి పెళ్ళిలో ఒకసారి తిందట, ఆ తరవాత ఇవాళేనట.

"వచ్చే మంగళవారం ఏం వండుతావు?" అని అడిగింది మెట్లు దిగుతూ.

చీకటిపడ్డాక ముసలాయన వచ్చాడు. మెట్ల దగ్గర నిలబడి పీల్చాడు. నేను పైన, మాషీమా కింద, ఇద్దరం దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డాం.

"బెండకాయ!" అన్నాడు.

అగరొత్తుల మహిమ. పెద్ద ప్యాకెట్టు తెప్పించాలి.

జూలై 31

మాషీమా వచ్చింది. డబ్బా వాసన చూసి వెళ్ళింది.

ఆగస్టు 2

మళ్ళీ వచ్చింది. ఆవిడ పుణ్యమా అని బెంగాలీ నా చెవికి కాస్త పట్టుబడుతోంది. వెల్లుల్లీ, పచ్చిమిర్చీ, శుట్కీ నూరి వాళ్ళమ్మ పచ్చడి చేసేదట, నూరడం చేత్తో అభినయించి చూపించింది. మంగళవారం ఆ పచ్చడి ఆవిడ, వంకాయ ఉప్పుచేప పులుసు నేను. ధనుంజయ్‌తో చెబితే, "సామాను సగమే విప్పు సౌజన్యా, మళ్ళీ కట్టడానికి తేలిగ్గా ఉంటుంది," అన్నాడు. ఎటకారం! మొన్న నెత్తళ్ళు లంచ్ బాక్సులో పెట్టమని అడిగినవాడు ఈయనే.

ఆగస్టు 5, మంగళవారం

పొద్దున్న బుట్టలో గుమ్మడికాయ ముక్క లాగాను. ముసలాయన అరుగు మీంచి లేచి హౌరా వెళ్ళాడు. ఆయన గొడుగు మలుపు తిరిగేదాకా చూసి, మాషీమా మేడెక్కేసింది. వాన దంచుతోంది. కిటికీలు తెరిచే వీల్లేదు. ఇద్దరం పాటలు పాడుకుంటూ నూరుకున్నాం, ఆవిడ బెంగాలీలో, నేను తెలుగులో. ఉప్పుచేప ముక్కలు పెనం మీద వేశాను. పొగ చిక్కగా లేచింది. ఒకరికొకరం సరిగ్గా కనబడటం లేదు.

తలుపు తెరుచుకుంది. వాన మూలాన రైళ్ళు ఆగిపోయాయట. తడిసిన గొడుగుతో ముసలాయన వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. కింద భార్య కనబడక వెతుక్కుంటూ వచ్చాడట.

నేను అట్లకాడ పట్టుకుని బిగుసుకుపోయాను. మాషీమా చేతిలో రోకలి అలాగే ఉండిపోయింది. ముసలాయనకి మిరపకాయ ఘాటుకి దగ్గొచ్చింది. దగ్గి, గొంతు సవరించుకుని, గుండెల నిండా ఊపిరి పీల్చాడు.

"గుమ్మడికాయ!" అన్నాడు గర్వంగా. "ఇంగువ కొంచెం ఎక్కువైంది."

గుమ్మడికాయ గట్టు మీద ఒక మూల, ఇంకా కొయ్యకుండా పడి ఉంది.

హమ్మయ్య అనుకున్నాను. మాషీమా అనుకోలేదు. ఆయన మొహంలోకే చూస్తోంది. చూసి చూసి, లేచి, ఆయన చేతిలో గొడుగు తీసుకుని, "పద, తల తుడుచుకుందువు గాని," అని మెల్లిగా కిందకి తీసుకెళ్ళింది. పచ్చడి రోట్లోనే ఉండిపోయింది.

అప్పుడు వెలిగింది నాకు. మునక్కాడ, వంకాయ, దోసకాయ, బెండకాయ అన్నీ బుట్టలో వచ్చినవే. ఆ బుట్ట రోజూ ఆయన కళ్ళ ముందునుంచే పైకెళ్ళేది. ఆలూచాప్ పొట్లం ధనుంజయ్ చేతిలో కనబడుతూనే ఉంది. సూట్‌కేసులో దాచిన డబ్బా ఒక్కటే ఆయనకి కనబడనిది.

ఆయనకి వాసనే రాదు.

ఆగస్టు 6

మాషీమా రాలేదు. ఇల్లు నిలబడిందని సంతోషించాలి. సంతోషంగానే ఉన్నాను.

ఆగస్టు 7

రాలేదు. పప్పుచారు పెట్టాను. నెత్తళ్ళు వేయించలేదు. ఒంట్లో బాలేదా అని ధనుంజయ్ అడిగాడు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. బొమ్మ పెట్టడం రాక కొబ్బరికాయకి పసుపు రాసి మొహం గీస్తే, అచ్చం చక్రవర్తి గారిలా వచ్చింది. అమ్మవారు ఏమనుకుందో! మాషీమాని తాంబూలానికి పిలిచాను. కాళ్ళకి పసుపు రాయించుకుంది, శనగలు కొంగులో పోయించుకుంది, అప్పుడు నోరు విప్పింది.

నిన్న ఆయన పక్కనే పాలు మాడ్చిందట, కావాలనే. ఇల్లంతా మాడుకంపు. ఆయన పేపర్లోంచి తలెత్తకుండా, "టీ ఇంకా కాలేదా," అన్నాడట. పడుకున్నప్పుడు ఆవనూనె సీసా ముక్కు కింద పెట్టిందట. కదల్లేదట. కరోనా జ్వరం తగిలినప్పుడు పోయుంటుందట వాసన, సరిగ్గా అప్పటినుంచే కంచంలో వదిలేస్తున్నాడట. బజారు మానేసిందీ అప్పుడేనట.

"మోకాళ్ళంటే నమ్మాను. వీధంతా ముక్కుబాబూ ముక్కుబాబూ అంటుంటే ఎలా చెప్పుకుంటాడు? నాకైనా చెప్పొచ్చుగా!"

నాలాంటి తెలివైనదాన్ని ఇంకోదాన్ని చూడలేదు. ఆ టైంలో ఏమన్నానో తెలుసా? "అయితే ఇంక భయం లేదు మాషీమా, రోజూ వండుకోవచ్చు," అన్నాను.

మాషీమా నన్ను చూసిన చూపుకి కలశంలో నీళ్ళు కాగిపోవాలి.

"ముక్కున్న మొగుణ్ణి ఏమార్చడం సరదా. ముక్కులేని మొగుణ్ణి ఏమార్చడం పాపం. ఆదివారం కింద వండుతున్నాం. నా వంటింట్లో, ఆయన ఎదురుగా. నువ్వే వండాలి."

"మరి ఇల్లు?"

"ఇల్లు ఆయనది. నేనేం చెప్పగలను?"

అమ్మవారి ఎదురుగా ఎండుచేపల మాటలు మాట్లాడించావు కదా తల్లీ, క్షమించు. ఆదివారం మాత్రం కాస్త దగ్గరుండు.

ఆగస్టు 9

ధనుంజయ్ కాకినాడ రైళ్ళు చూస్తున్నాడు. "ఊరికే చూస్తున్నా," అన్నాడు. గొంతులో ఎటకారం లేదు. చూడొద్దన్నాను. చూస్తూనే ఉన్నాడు.

ఆగస్టు 10, ఆదివారం

పప్పుచారు, నెత్తళ్ళ వేపుడు, వంకాయ ఉప్పుచేప పులుసు, మాషీమా పచ్చడి. వాళ్ళ అత్తగారి ఫోటో కింద వండాం. ఆవిడదీ అదే ముక్కు.

ముసలాయన బల్ల దగ్గర కూర్చుని అలవాటుగా పీల్చాడు. ఇవాళ బుట్ట లేదు. చూడ్డానికి ఏమీ లేదు. ఏం చెప్పాలో తెలియక మా మొహాలు చూశాడు. నాకు చాలా జాలేసింది.

"ఇది శుట్కి," అంది మాషీమా, గిన్నె మూత తీసి. "ఈ అమ్మాయి తెచ్చింది, నేను వండించాను. రెండు మంగళవారాలుగా మేడ మీద మేమిద్దరం వండుకుంటున్నాం."

ముసలాయన నాకేసి తిరిగాడు. "మీరు ఛఛ అన్నారు!"

"అన్నానండి," అన్నాను. ధనుంజయ్ పైకప్పు చూడలేదీసారి. నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఈ గడపలోకి, మా అమ్మ బతికుండగా..." అని లేవబోయాడు.

"వాసన వస్తోందా?" అంది మాషీమా.

ఆయన బల్ల అంచు పట్టుకుని సగంలో ఆగిపోయాడు.

"చెప్పు. వస్తోందా?"

కుర్చీలోకి మళ్ళీ కూలబడ్డాడు. "నాలుగేళ్ళయింది రేణూ. ఏమీ తెలియడం లేదు. హిల్సా చేపా, బంకమట్టీ ఒకటే."

"మరి ఉప్పు తక్కువన్నావు! కారణం నేననుకున్నాను. నా చెయ్యి చచ్చుబడిందనుకున్నాను. నాలుగేళ్ళు ఏడ్చాను!"

"చెబితే నువ్వు శ్రద్ధగా వండడం మానేస్తావనుకున్నాను," అన్నాడు, చిన్నపిల్లాడిలా. "ఎవరి కోసం వండుతావు ఇంక?"

మాషీమా కంచం ముందుకి జరిపింది. అన్నం పెట్టి, మధ్యలో గుంట చేసి, పులుసు పోసింది. ఆయన కాసేపు కంచం చూసి, వాళ్ళమ్మ ఫోటో చూసి, ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

నమలడం ఆపేశాడు. కళ్ళు పెద్దవయ్యాయి. చెవులు ఎర్రబడ్డాయి. నేను మంచినీళ్ళ గ్లాసు తోశాను. ఆయన దాన్ని పక్కకి తోసి, ఇంకో ముద్ద పెట్టుకున్నాడు.

"రేణూ! ఏదో తెలుస్తోంది!" అని అరిచాడు. "ఇది పులుపు కదూ? ఇది కారం! నాలిక మండుతోంది! ఇంకొంచెం పొయ్యి!"

ముక్కు కారుతోంది, కళ్ళు కారుతున్నాయి, మనిషి ఆగడు. మా చింతపండూ, మా గుంటూరు కారమూ ముక్కుని నమ్ముకున్న సరుకులు కావు, తిన్నగా వెళ్ళి నాలిక పట్టుకుని ఊపుతాయి. కంచం ఖాళీ అయింది. మళ్ళీ పెట్టించుకున్నాడు. ఉప్పుచేప మూడో ముక్క దగ్గర బీపీ అని మాషీమా గిన్నె లాక్కుంది. వదలనని ఆయనా పట్టుకున్నాడు. గిన్నెకి చెరోపక్కా వేలాడారు, సిగ్గూ ఎగ్గూ లేకుండా.

గిన్నె వదిలేసింది ఆయనే. చెయ్యి ఎండిపోతున్నా అలాగే కూర్చుని, మెల్లిగా అడిగాడు. "ఇన్నేళ్ళలో నీకెప్పుడూ ఇది వండుకోవాలని అనిపించలేదా?"

"రోజూ," అంది మాషీమా.

ఆయన తల దించుకున్నాడు. తరవాత గిన్నెలో మిగిలిన ముక్క తీసి ఆవిడ కంచంలో వేశాడు. నేనూ, ధనుంజయ్ కిటికీకేసి తిరిగాం.

తిరగడమే మంచిదైంది, గేటు దగ్గర చక్రవర్తి గారు కనిపించారు. ముక్కుకి జేబురుమాలు కట్టుకుని, బెత్తంతో గేటు కొడుతున్నారు. "మిత్రాబాబూ! ఏంటండీ ఈ కంపు! ఎక్కడో ఏదో చచ్చింది! మీ మేడ మీదనుంచే, ఆ బుట్టమ్మాయి!"

ఇంట్లో రహస్యం వేరు, వీధి పంచాయితీ వేరు. ముసలాయన ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని గుమ్మంలోకి వెళ్ళాడు. నాలుగు బాల్కనీల్లోకి జనం వచ్చారు. ముక్కుబాబు ఏం చెబుతాడా అని అందరూ చూస్తున్నారు. ఆయన వెన్ను నిటారుగా చేసి, కళ్ళు మూసుకుని, వీధి చివరిదాకా వినబడేలా ఊపిరి పీల్చాడు. వదిలాడు. మళ్ళీ పీల్చాడు.

"వాసనా?" అన్నాడు. "నాకేం రావట్లేదే!"

చక్రవర్తి గారు జేబురుమాలు తీసి, ఆయన్నీ మమ్మల్నీ మార్చి మార్చి చూసి, "అయితే మా వంటింట్లోనేనేమో," అనుకుంటూ గబగబా వాళ్ళింట్లోకి వెళ్ళిపోయారు.